విశ్వవిద్యాలయ డేటాబేస్ సాఫ్ట్‌వేర్: లైసెన్సులు, వ్యాపార వినియోగం

విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో, ప్రజాధనంతో నడిచే సమాచార కేంద్రాల్లో పుట్టిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను వ్యాపార సంస్థలు వాడుకోవచ్చా? చూడటానికి ఒకటే ప్రశ్నలా ఉన్నా ఇందులో రెండున్నాయి. వాడే హక్కు ఉందా అన్నది మొదటిది. దానికి లైసెన్సు జవాబు చెబుతుంది. రోజూ డబ్బు చేతులు మారే చోట దాన్ని నమ్ముకోవచ్చా అన్నది రెండోది. దానికి ఆ సాఫ్ట్‌వేర్ నిర్మాణం, దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనుషులు జవాబు చెప్పాలి. హక్కు ఉన్నంత మాత్రాన పనికొస్తుందని కాదు, పనికొచ్చినంత మాత్రాన హక్కు ఉందని కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే ఎక్కువ నష్టాలు జరుగుతున్నాయి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఇది దగ్గరి విషయం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం (1997), శ్రీసిటీలోని ట్రిపుల్ ఐటీ (2013), ఏర్పేడు వైపు 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, ఇంకా ఎన్నో ఇంజనీరింగ్ కళాశాలలు ఇక్కడున్నాయి. ఇన్ని విద్యాసంస్థల పక్కనే లాడ్జీలు, ఆసుపత్రులు, పాల కేంద్రాలు, మామిడి గుజ్జు పరిశ్రమలు ఉన్నాయి. ఒక వైపు కోడు రాసేవారు, మరో వైపు కోడు కావలసినవారు ఉన్నారు. ఇద్దరి మధ్య వంతెన లైసెన్సు.

పదాల అర్థం

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అనే మాట కింద మూడు రకాల వస్తువులు వస్తాయి. మొదటిది డేటాబేస్ ఇంజను. సమాచారాన్ని డిస్కు మీద భద్రపరచి, అడిగినప్పుడు వెదికి ఇచ్చే మూల యంత్రం అది. పోస్ట్‌గ్రెస్, మోనెట్‌డీబీ, డక్‌డీబీ ఈ కోవలోవి. రెండోది ఇంజను మీద కట్టిన అప్లికేషన్. గ్రంథాలయాలు వాడే కోహా, న్యూజెన్‌లిబ్, సోల్ ఇలాంటివి. మూడోది లోపల నిండిన సమాచారం. ఈ మూడింటి హక్కులు వేరువేరు. ఇంజను ఉచితమైనా దాని మీద కట్టిన అప్లికేషన్ ఉచితం కాకపోవచ్చు. రెండూ ఉచితమైనా లోపలి సమాచారం వేరొకరి సొత్తు కావచ్చు.

వ్యాపార వినియోగం కూడా ఒకే రకం కాదు. సొంత దుకాణం లెక్కలకు వాడుకోవడం ఒకటి. దాన్ని ఇంకొకరి దగ్గర పెట్టి, నడిపించి, సేవకు డబ్బు తీసుకోవడం ఇంకొకటి. సొంత సరుకులో కలిపి అమ్మడం మూడోది. ఇంటర్నెట్ ద్వారా చందాకు ఇవ్వడం నాలుగోది. ఒకే లైసెన్సు ఈ నాలుగింటికీ నాలుగు రకాల జవాబులు ఇవ్వగలదు. కాబట్టి ‘కమర్షియల్‌గా వాడొచ్చా’ అని అడిగేవారు ముందు ఏ రకం వాడకమో తేల్చుకోవాలి.

బర్క్‌లీ దారి

విశ్వవిద్యాలయంలో పుట్టిన డేటాబేస్ లోకమంతా వ్యాపించిన తీరుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణం పెద్ద ఉదాహరణ. మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ 1970ల్లో అక్కడ ఇంగ్రెస్ అనే వ్యవస్థను కట్టారు. దాని కోడు టేపుల మీద నామమాత్రపు ఖర్చుకే ఇతర విశ్వవిద్యాలయాలకు చేరింది. ఆ బృందం నుంచే 1980లో రిలేషనల్ టెక్నాలజీ అనే కంపెనీ పుట్టింది. బర్క్‌లీలో ఇంగ్రెస్ మీద పనిచేసిన రాబర్ట్ ఎప్‌స్టైన్ తరవాత సైబేస్ స్థాపకుల్లో ఒకరయ్యారు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదటి రూపం ఆ సైబేస్ నుంచే వచ్చింది.

1986లో స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తదితరులు డబ్బు ఇచ్చారు. మొదటి వర్షన్ 1989 జూన్‌లో కొద్దిమంది బయటి వాడకందారులకు అందింది. గ్రహశకలాల కదలికల నమోదుకు, వైద్య సమాచారానికి, భౌగోళిక సమాచార వ్యవస్థలకు దాన్ని వాడారు. 1993లో బయటి వాడకందారులు దాదాపు రెట్టింపయ్యారు. ఆ ఆదరణే ప్రాజెక్టుకు భారమైంది. పరిశోధనకు పోవలసిన సమయం తప్పులు దిద్దడానికి, సందేహాలు తీర్చడానికి పోయింది. 1994లో 4.2 వర్షన్‌తో బర్క్‌లీ ఆ ప్రాజెక్టును ముగించింది.

అక్కడితో అది అంతరించి పోవలసింది. నిలబెట్టింది లైసెన్సు. ఆ లైసెన్సు చాలా చిన్నది, ఒక పుటలో సగం కూడా ఉండదు. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏ అవసరానికైనా, రుసుము లేకుండా, లిఖిత ఒప్పందం లేకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కాపీరైట్ నోటీసును, ఆ రెండు మూడు పేరాలను ప్రతి నకలులోనూ ఉంచితే చాలు. మిగిలిన భాగమంతా ఒకే మాట చెబుతుంది: దీనివల్ల నష్టం వస్తే విశ్వవిద్యాలయం బాధ్యత వహించదు, మరమ్మతు చేసే పూచీ కూడా లేదు. ‘ఏ అవసరానికైనా’ అన్న ఆ చిన్న మాటలోనే వ్యాపారం కూడా ఇమిడిపోయింది.

ఆ అనుమతి ఆసరాగా ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు 1994లో పాత ప్రశ్నల భాష తీసేసి ఎస్‌క్యూఎల్ చేర్చారు. పోస్ట్‌గ్రెస్95 అన్న ఆ రూపమే 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. అదే పోస్ట్‌గ్రెస్ కోడుతో ఇల్లస్ట్రా అనే కంపెనీ పుట్టింది, అది ఇన్‌ఫార్మిక్స్‌లో కలిసింది, ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్ వ్యాపారాన్ని 2001లో ఐబీఎం కొన్నది. ఒకే విత్తనం నుంచి ఒక ఉచిత వృక్షం, ఒక వ్యాపార వృక్షం రెండూ పెరిగాయి. ఒకటి రెండోదానికి అడ్డు రాలేదు.

ఇతర పరిశోధనశాలల అనుభవం

అందరూ బర్క్‌లీ దారిలో నడవలేదు. మసాచుసెట్స్ ప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో రూపొందిన సీ-స్టోర్ కోడు పరిశోధన నమూనాగా ఆగిపోయింది. దాని ఆలోచన మీద 2005లో వెర్టికా అనే కంపెనీ వెలిసింది, దాన్ని 2011లో హెచ్‌పీ కొన్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన హైపర్‌ను 2016లో టాబ్లో సంస్థ సొంతం చేసుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన కేంద్రం మోనెట్‌డీబీని 2004లో బహిరంగ లైసెన్సు కింద విడుదల చేసింది. అదే కేంద్రం నుంచి 2019లో డక్‌డీబీ, పెద్దగా షరతులు లేని ఎంఐటీ లైసెన్సుతో వచ్చింది. దాని మేధాహక్కులను ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కు అప్పగించి, మద్దతు సేవలకు 2021లో విడిగా ఒక కంపెనీ పెట్టారు. అయినా 1.0 అన్న అంకె వేయడానికి 2024 జూన్ దాకా ఆగారు. లైసెన్సు మొదటి రోజే ఇచ్చారు, ‘ఇక నమ్ముకోండి’ అన్న మాటను మాత్రం అయిదేళ్లు పరీక్షించాకే ఇచ్చారు. హక్కుకూ అర్హతకూ మధ్య దూరం ఎంతో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బర్క్‌లీ డీబీది ఇంకో దారి. బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు వచ్చిన ఈ చిన్న నిల్వ యంత్రాన్ని 1996లో స్లీపీక్యాట్ కంపెనీ రెండు లైసెన్సుల పద్ధతిలోకి తెచ్చింది. నీ కోడు బయటపెడితే ఉచితం, దాచుకుంటే రుసుము కట్టాలి. 2006లో ఒరాకిల్ స్లీపీక్యాట్‌ను కొన్నది. 2013లో లైసెన్సు మరింత కఠినమైన ఏజీపీఎల్‌కు మారడంతో, అప్పటిదాకా నిశ్చింతగా వాడినవారు కొత్త వర్షన్ తీసుకోవాలా వద్దా అని ఆలోచించుకోవలసి వచ్చింది. ఇచ్చేసిన పాత వర్షన్ హక్కులు పోవు. రాబోయే వర్షన్ కూడా అదే షరతులతో వస్తుందన్న హామీ మాత్రం లేదు.

లైసెన్సు పరిశోధకుడి నోరు కట్టేసిన ఉదంతం కూడా ఉంది. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు డేవిడ్ డివిట్ బృందం డేటాబేస్‌ల వేగాన్ని కొలిచి ఫలితాలు ప్రకటించింది. ఒరాకిల్‌కు అవి అనుకూలంగా లేవు. అనుమతి లేకుండా వేగ పరీక్షల ఫలితాలు ప్రచురించకూడదన్న షరతు ఆ తరవాత ఒరాకిల్ లైసెన్సులోకి, ఇంకా కొన్ని కంపెనీల లైసెన్సుల్లోకి ఎక్కింది. దాన్ని నేటికీ ‘డివిట్ షరతు’ అనే పిలుస్తారు.

లైసెన్సుల రకాలు

ఏ అడ్డూ లేనివి: బీఎస్‌డీ, ఎంఐటీ, అపాచీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లైసెన్సులు. కాపీరైట్ నోటీసును, లైసెన్సు పాఠాన్ని నిలిపితే చాలు. మార్చుకున్న కోడును దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అపాచీ లైసెన్సు అదనంగా పేటెంటు హక్కుల విషయంలో కూడా భరోసా ఇస్తుంది.

తిరిగి ఇవ్వమని అడిగేవి: జీపీఎల్ ఈ తరగతికి పెద్ద. దీని కింద ఉన్న కోడును అమ్మకూడదన్న అపోహ మన దగ్గర బాగా పాతుకుపోయింది. అమ్మవచ్చు. అయితే కొన్నవారికి సోర్సు కోడు, అవే హక్కులు ఇవ్వాలి. సొంత ఆఫీసులో మార్చుకుని వాడుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కరలేదు. ఏజీపీఎల్ ఒక అడుగు ముందుకు వేస్తుంది. మార్చిన సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ మీద ఇతరులకు అందుబాటులో పెట్టినా వారికి సోర్సు ఇవ్వాలంటుంది.

విద్యకు మాత్రమే అనేవి: చదువుకు, పరిశోధనకు, లాభాపేక్ష లేని పనికి ఉచితం. వ్యాపారానికి విడిగా అనుమతి కావాలి. కంపెనీలు కళాశాలలకు ఇచ్చే విద్యార్థి ఎడిషన్లూ ఈ కోవలోవే. ప్రయోగశాలలో నేర్చుకున్న వస్తువునే విద్యార్థి ఉద్యోగంలో చేరాక కంపెనీ సర్వరులో ఎక్కిస్తాడు. అలవాటు కొద్దీ చేసే ఈ పని లైసెన్సు ఉల్లంఘన అవుతుంది.

ఏ లైసెన్సూ లేనివి: అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఇవే. ఇంటర్నెట్‌లో కోడు కనిపిస్తోంది కాబట్టి వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో లైసెన్సు లేకపోవడమంటే అనుమతి లేకపోవడమే.

భారత చట్టం చెప్పేది

1957 కాపీరైట్ చట్టం, తరవాతి సవరణలతో, కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య కృతుల్లో చేర్చింది. హక్కు కోడు రాయగానే పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కరలేదు. రచయిత జీవితకాలం, ఆ తరవాత 60 ఏళ్లు ఉంటుంది. తిరుపతి కళాశాలలో ఒక విద్యార్థిని ఈ ఏడాది ప్రాజెక్టు కోసం రాసిన కోడు మీద హక్కు ఆమె మనుమల కాలం దాకా నడుస్తుందన్నమాట.

ఆ హక్కు ఎవరిది? 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని మొదటి హక్కుదారు. జీతం తీసుకునే ఉద్యోగి కోడు సంస్థది కావచ్చు, ఫీజు కట్టే విద్యార్థి ఉద్యోగి కాడు. ప్రవేశ సమయంలో సంతకం చేయించుకున్న నిబంధనో, సంస్థ మేధాహక్కుల విధానానికి ఇచ్చిన అంగీకారమో లేకపోతే అతని కోడు అతనిదే. నలుగురు విద్యార్థులు, ఒక గైడు, ఒక ప్రాజెక్టు గ్రాంటు కలిసిన చోట హక్కు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ కోడు కొనదలచిన వ్యాపారి అయిదుగురి సంతకాలు తీసుకోవాలి. అయిదేళ్ల తరవాత ఆ అయిదుగురు అయిదు ఊళ్లలో ఉంటారు.

హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. చట్టబద్ధంగా ప్రోగ్రామ్ పొందినవారు బ్యాకప్ నకలు తీసుకోవడానికి, పనితీరును గమనించి, పరీక్షించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడానికి 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. దొంగ నకలని తెలిసీ కంప్యూటర్లో వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే న్యాయస్థానం జైలు శిక్ష వేయకుండా వదిలే వీలుంది. అంటే వ్యాపారమా కాదా అన్నది చట్టం కూడా పట్టించుకునే తేడా.

కేంద్ర ప్రభుత్వం 2015లో బహిరంగ సోర్సు సాఫ్ట్‌వేర్ వాడకంపై విధానం ప్రకటించి, ప్రభుత్వ కొనుగోళ్లలో దానికి మొగ్గు చూపాలని శాఖలకు చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మరో బాధ్యత పెట్టింది. వ్యక్తుల సమాచారం దాచేవారు తగిన భద్రత ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. ఉచితంగా దొరికిన డేటాబేస్ వాడాం అన్నది దీనికి సమాధానం కాదు.

తెలుగునాట గ్రంథాలయాల అనుభవం

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ముందుగా ఎదురైంది గ్రంథాలయాలకే. 1985 నుంచి యునెస్కో పంచిన సీడీఎస్-ఐసిస్ ఆ రోజుల్లో గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు మొదటి డేటాబేస్. మన దేశంలో నిస్సాట్ అనే ప్రభుత్వ కార్యక్రమం ద్వారా అది చేరింది. లాభాపేక్ష లేని వాడకానికి ఉచితం, తిరిగి అమ్మడానికి వీలు లేదు. కళాశాల గ్రంథాలయానికి ఆ షరతు సరిపోయింది. దాన్నే వ్యాపార సరుకుగా మలచదలచినవారికి అక్కడ దారి మూసుకుపోయింది.

తరవాత విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే జాతీయ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ సోల్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి 2000లో, దాని రెండో రూపాన్ని 2009లో విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు అందించింది. తక్కువ ధర, సొంత శిక్షణ దాని బలం. సోర్సు కోడు మాత్రం బయటికి రాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ రూపొందించిన ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నాలుగో వర్షన్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడుస్తుంది.

అన్నిటిలోకీ తెలుగువారు గుర్తుపెట్టుకోవలసింది న్యూజెన్‌లిబ్. హైదరాబాద్‌లోని కేశవన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ గ్రంథాలయ నిపుణుల అవగాహన ఇచ్చింది, వీరస్ సొల్యూషన్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కోడు రాసింది. మొదట అమ్మకపు సరుకుగా వచ్చిన దాన్ని 2008లో జీపీఎల్ కింద విడుదల చేశారు. వాడకం ఉచితమైంది, ఏర్పాటు చేసి పెట్టడం, శిక్షణ, మద్దతు ఆదాయ మార్గాలయ్యాయి. దాని అడుగున ఉన్న ఇంజను పోస్ట్‌గ్రెస్‌క్యూఎలే. బర్క్‌లీలో పన్నుల డబ్బుతో రాసిన కోడు, అడ్డులేని లైసెన్సు పుణ్యమా అని, హైదరాబాద్‌లో ఒక సంస్థకు పునాది రాయి అయింది. ఎవరూ ఎవరినీ అనుమతి అడగవలసిన పని పడలేదు.

న్యూజిలాండ్‌లో పుట్టిన కోహాతో పాటు, ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ కూడా మన దగ్గర బాగా వాడుకలోకి వచ్చింది. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధగంగ నడిచేది డీస్పేస్ మీదే. డీస్పేస్ బీఎస్‌డీ లైసెన్సు కిందిది, ఎవరైనా మార్చుకోవచ్చు. అందులో దాచిన సిద్ధాంత గ్రంథం మాత్రం రాసిన పరిశోధకుడిది. అల్మారా తాళం చేతికిస్తే పుస్తకాల మీద హక్కు ఇచ్చినట్టు కాదు.

తిరుపతి, చిత్తూరు: మట్టి నుంచి మేధ దాకా

సాఫ్ట్‌వేర్‌కూ, అందులోని సమాచారానికీ మధ్య ఉన్న ఈ తేడాను తిరుపతి దగ్గరగా చూసింది. అప్పటి చిత్తూరు జిల్లా, శ్రీకాళహస్తి వైపు కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అదే అవార్డు 2014 సంవత్సరానికి పోస్ట్‌గ్రెస్ కట్టిన స్టోన్‌బ్రేకర్‌కు దక్కింది. రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల డిజిటల్ గ్రంథాలయ ప్రాజెక్టులో తిరుమల తిరుపతి దేవస్థానం కూడా ఒక స్కానింగ్ కేంద్రం. 2007 నాటికి ఆ ప్రాజెక్టు 15 లక్షల పుస్తకాలు దాటింది. అక్కడ స్కానర్లు, సర్వర్లు అడ్డు రాలేదు. అడ్డు వచ్చింది పుస్తకాల కాపీరైటు. యంత్రానికి లైసెన్సు ఉండటం వేరు, దానిలో నింపే సమాచారానికి అనుమతి ఉండటం వేరు అన్న పాఠం అదే.

రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో కార్నెగీ మెలన్‌లో ఎదిగిన స్ఫింక్స్ మాటల గుర్తింపు సాఫ్ట్‌వేర్‌ను ఆ బృందం 2000 నుంచి బీఎస్‌డీ తరహా లైసెన్సుతో విడుదల చేసింది. డేటాబేస్ కాకపోయినా అది ఇక్కడి కళాశాలలకు ఒక నమూనా. తమ పరిశోధన ఫలాన్ని కంపెనీలు కూడా వాడుకోవచ్చని విశ్వవిద్యాలయమే ముందుగా రాసి ఇవ్వడం అందులోని గొప్పతనం.

ఈ ప్రాంతపు అవసరాలను దగ్గరగా చూద్దాం. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమ దగ్గర తోతాపురి కోతల కాలంలో ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాటా మీద బండి ఎక్కుతుంది. బరువు, రైతు పేరు, రకం, ధర నమోదవుతాయి. చీటీ వస్తుంది. బరువు నమోదై, చీటీ ముద్రణకు వెళ్లే ఆ రెండు క్షణాల మధ్య కరెంటు పోయిందనుకుందాం. జనరేటర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు ఆ బండి బరువు పుస్తకంలో ఉన్నట్టా, లేనట్టా? సరైన డేటాబేస్ ప్రతి మార్పునూ అసలు పట్టికలో రాసేముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టా చదివి, పూర్తయిన నమోదును నిలబెడుతుంది, సగంలో ఆగినదాన్ని తుడిచేస్తుంది. ఈ చిట్టా పద్ధతి లేకపోతే రైతు మళ్లీ కాటా ఎక్కాలి, లేదా ఒకే బండికి రెండు బిల్లులు పడతాయి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోకి ఆ చిట్టా వచ్చింది 2001లో, 7.1 వర్షన్‌తో. అంటే బర్క్‌లీ ప్రాజెక్టు ముగిసిన ఏడేళ్ల తరవాత. అనేకమంది ఒకేసారి రాసినా, చదివినా ఒకరికొకరు అడ్డు రాని పద్ధతి 1999లో వచ్చింది. విండోస్ మీద నేరుగా నడవటం 2005లో, రెండో సర్వరుకు ఎప్పటికప్పుడు నకలు పంపే సదుపాయం 2010లో సమకూరాయి. పరిశోధనశాల వదిలిపెట్టిన వస్తువు దుకాణంలో నిలబడటానికి అన్నేళ్లు, అంతమంది శ్రమ పట్టింది. ఒక సెమిస్టరులో రాసిన ప్రాజెక్టును అలాగే తెచ్చి కాటా దగ్గర పెట్టకూడదు అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

వినియోగార్హతను తేల్చే గుణాలు

కోలుకునే శక్తి: కరెంటు పోయినా, డిస్కు చెడినా ఎంత సమాచారం తిరిగి వస్తుంది? బ్యాకప్ తీయడం సగం పని. ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో ఎక్కించి చూడటం మిగతా సగం.

తాకిడి తట్టుకోవడం: బ్రహ్మోత్సవాల రోజుల్లో లాడ్జీలో ఒకే గదిని ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో ఇవ్వబోతే డేటాబేస్ ఒకరిని ఆపాలి. పరిశోధన నమూనాలు చాలావరకు వేగాన్ని నిరూపించడానికి కట్టినవి. ఈ కాపలా వాటిలో ఉండకపోవచ్చు.

కొనసాగింపు: కోడు దిద్దేది ఒక్కరేనా, బృందమా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఏటా ఒక పెద్ద వర్షన్ ఇస్తుంది, ఒక్కోదానికి అయిదేళ్లు దిద్దుబాట్లు అందిస్తుంది. మరోపక్క కార్నెగీ మెలన్‌లోనే పుట్టిన నాయిస్‌పేజ్ అనే డేటాబేస్ ఎంఐటీ లైసెన్సుతో వచ్చినా కొన్నేళ్లకు ప్రాజెక్టు ఆగిపోయింది. లైసెన్సు ఇప్పటికీ ఉంది, దిద్దేవారు లేరు.

మార్పును తట్టుకోవడం: 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా ఏర్పడింది. పడమటి మండలాలు కొన్ని అన్నమయ్య జిల్లాలో కలిశాయి. ‘జిల్లా: చిత్తూరు’ అని కోడులోనే గట్టిగా రాసుకున్న సాఫ్ట్‌వేర్లు ఆ రోజున పాతబడ్డాయి. సోర్సు చేతిలో ఉండి, మార్చుకునే హక్కు ఉన్నవారు దిద్దుకోగలరు. లేనివారు రాసినవాళ్ల కోసం వెదుక్కోవాలి. లైసెన్సు, అర్హత కలిసే చోటు ఇది.

తెలుగు లిపి: డేటాబేస్ తెలుగును అక్షరాలుగా దాచాలి, ఫాంటు బొమ్మలుగా కాదు. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతుల్లో కూర్చిన పేర్లను ఆ ఫాంటు లేని యంత్రం చదవలేదు, వరుసలో పెట్టలేదు. యూనికోడ్‌లో ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరం నాలుగు సంకేతాల కలయిక. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున పన్నెండు బైట్లు పడుతుంది. ‘తిరుపతి’కి ఇరవై ఒకటి, ‘చిత్తూరు’కు ఇరవై నాలుగు. ఇంగ్లిషు పేర్లను మనసులో పెట్టుకుని ఊరి పేరుకు ఇరవై బైట్లు కేటాయించిన పట్టికలో మన రెండు ఊళ్లూ పట్టవు. వర్ణక్రమం సరిగా రావడానికి తోడ్పడే ఐసీయూ సదుపాయాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2017లో, పదో వర్షన్‌లో చేర్చింది. ఓటరు జాబితా మొదలు రోగుల చిట్టా వరకు తెలుగులో వెదకవలసిన ప్రతి చోటా ఈ పరీక్ష తప్పనిసరి.

తేల్చుకునే క్రమం

ఒక విశ్వవిద్యాలయ సాఫ్ట్‌వేర్‌ను వ్యాపారంలోకి తీసుకునేముందు వరసగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కోడుతో పాటు లైసెన్సు ఫైలు ఉందా? అది ఇంజనుకు, అప్లికేషన్‌కు, అందులో వాడుకున్న ప్రతి లైబ్రరీకి వర్తిస్తుందా? ఎంఐటీ కోడులో ఒక్క జీపీఎల్ ముక్క కలిసినా అమ్మకపు షరతులు మారతాయి. హక్కుదారులు ఎవరెవరు, అందరి సంతకాలూ ఉన్నాయా? మన వాడకం పైన చెప్పిన నాలుగింటిలో ఏది? తరవాత పనితనానికి సంబంధించినవి. కరెంటు ప్లగ్గు లాగి చూశారా? బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూశారా? నిజమైన తెలుగు పేర్లతో పరీక్షించారా? కిందటి ఏడాదిలో ఎవరైనా తప్పులు దిద్దారా? చెడితే ఫోను ఎత్తేదెవరు? ఉచిత లైసెన్సులన్నీ పూచీ లేదని ముందే చెబుతాయి కాబట్టి ఆ చివరి ప్రశ్నకు జవాబు డబ్బిచ్చి కొనుక్కోవలసిందే. మద్దతు ఒప్పందానికి పెట్టే ఖర్చు వృథా కాదు, లైసెన్సు మిగిల్చిన ఖాళీని పూడ్చేది అదే.

విద్యాసంస్థలు చేయగలిగింది

ఏటా ఇక్కడి కళాశాలల్లో ఆసుపత్రి నిర్వహణ, పాల కేంద్రం లెక్కలు, గ్రంథాలయ జాబితా అంటూ ఎన్నో డేటాబేస్ ప్రాజెక్టులు తయారవుతాయి. మౌఖిక పరీక్ష అయ్యాక వాటి రికార్డులు బీరువాలోకి వెళతాయి. పాల కేంద్రం నడిపే సహకార సంఘానికి ఆ కోడు కావాలి. పొద్దునా సాయంత్రం వచ్చే పాలను లీటర్లలో, వెన్న శాతంలో నమోదు చేసి పదిహేను రోజులకోసారి బట్వాడా లెక్క తేల్చే ఆ పని ఒక మంచి విద్యార్థి బృందానికి అందనిదేమీ కాదు. అందకుండా చేస్తున్నది, ‘దీన్ని మీరు వాడుకోవచ్చు’ అన్న రాత లేకపోవడం.

దీనికి ఖర్చు అక్కరలేదు. ప్రాజెక్టు మొదటి రోజే విద్యార్థులు, గైడు కూర్చుని హక్కు ఎవరిదో రాసుకోవాలి, ఒక లైసెన్సు ఎంచుకుని ఆ ఫైలును కోడు పక్కన పెట్టాలి. స్థానిక సంఘాలు, చిన్న వ్యాపారులు స్వేచ్ఛగా వాడుకోవాలనుకుంటే బీఎస్‌డీ, ఎంఐటీ తరహావి. చేసిన మార్పులు మళ్లీ అందరికీ చేరాలనుకుంటే జీపీఎల్. లాభాపేక్ష లేని వాడకానికే పరిమితం చేయాలనుకుంటే ఆ మాటే స్పష్టంగా రాయాలి, అడిగినవారికి వ్యాపార లైసెన్సు ఇచ్చే చిరునామా కూడా రాయాలి. ఆ తరవాత కాటా దగ్గర, పాల కేంద్రం దగ్గర ఒక సీజను పాత పుస్తకంతో పాటు నడిపి చూడాలి. రెండు లెక్కలూ రోజు రోజుకూ సరిపోయాకే పుస్తకం మూయాలి.

బర్క్‌లీ ఆచార్యులు 1994లో పోస్ట్‌గ్రెస్‌ను వదిలేసి వేరే పరిశోధనకు వెళ్లిపోయారు. వారు వెళ్లిపోయినా పని ఆగలేదు, ఎందుకంటే ఎవరైనా కొనసాగించవచ్చని అప్పటికే రాసి ఉంది. మన విద్యార్థులు కూడా పట్టా పుచ్చుకుని బెంగళూరుకో, చెన్నైకో, అమెరికాకో వెళ్లిపోతారు. వెళ్లేముందు ఆ పది వరుసల లైసెన్సు రాసి పెడితే, వారు వెళ్లాక కూడా వారి కోడు ఊళ్లో పాలు కొలుస్తుంది.